వడగళ్ళ సాక్ష్యం

మాట ఇచ్చేసినప్పుడు నా చేతిలో ఒక కాఫీ కప్పు ఉంది. చర్చి కింది అంతస్తులోని వంటగదిలో, ఆదివారం కాఫీలయ్యాక, ఎప్పుడో ఆరిపోయిన ఆ కప్పునే మూడోసారి తుడుస్తున్నాను. నా చేతులు ఊరికే ఉండవు. పెళ్ళయిన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది.

ఐజాక్ మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన మా ఆయన డెల్మర్‌కి మేనమామ, మా సంఘానికి పెద్ద. ఒక చెవి వినపడదు కాబట్టి ఎవరితో మాట్లాడినా తల కాస్త పక్కకు తిప్పి నిలబడతారు. చూసేవాళ్ళకు మన మాట నమ్మడం లేదేమో అనిపిస్తుంది.

"లొరీనమ్మా, కోతల పండుగ ఇంక రెండు వారాలే. ఈ ఏడు సాక్ష్యం మీ ఇంటిదే. డెల్మర్ చెప్తాడుగా?"

"చెప్తాడు మామయ్యా," అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. కప్పు అలమరలో పెట్టి, తీసి, నాలుగోసారి తుడిచాను.

మా సంఘంలో అక్టోబరులో కోతల పండుగ నాడు ముందు బల్ల నిండా గుమ్మడికాయలు, గోధుమ పనలు, పొద్దుతిరుగుడు తలలు, ఊరబెట్టిన దోసకాయల సీసాలు పేరుస్తారు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న ఇంటివాళ్ళు ఆ బల్ల పక్కన నిలబడి, ఆ శ్రమలో ప్రభువు తమకు ఏం నేర్పాడో చెప్పాలి. ఇలా ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ తప్పినవాళ్ళు లేరు. నిరుడు పశువుల కొట్టం తగలబడిన డిక్ వాళ్ళు చెప్పారు. నాలుగేళ్ళ కిందట నేటా లోవెన్ చెప్పింది. ఆమె భర్త వాల్డీ కాలవ గట్టు మీద ట్రాక్టరు తిరగబడి చనిపోయాడు. ఆమె నాలుగు నిమిషాల్లో, గొంతు వణక్కుండా చెప్పి కూర్చుందని ఇప్పటికీ మెచ్చుకుంటారు.

ఈ ఏడు దెబ్బ మాది. జూన్ ఇరవై ఎనిమిదిన మా పెళ్ళి. జులై పంతొమ్మిదిన వడగళ్ళు. పద్నాలుగు నిమిషాలు పడ్డాయి. డెల్మర్ కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను అతని చొక్కా వెనక పట్టుకుని నిలబడ్డాను. ఆగాక బయటికి వెళ్తే, నడుం ఎత్తు గోధుమ నేలకు అంటుకుపోయి ఉంది. నూనెగింజల కనోలా చేలో పుల్లలు మిగిలాయి. గాలి నిండా తరిగిన పచ్చగడ్డి వాసన.

సిగ్గుపడుతూ ఒక సంగతి ఒప్పుకుంటాను. ఆ సాయంత్రం కూడా డెల్మర్ బూట్లు విప్పుతుంటే అతని చెవి వెనక పుట్టుమచ్చ కనిపించి నాకు నవ్వొచ్చింది. మూడు వారాలుగా దాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాను. అతను రొట్టెకు వెన్న అంచుల దాకా రాస్తాడు, ఒక్క మిల్లీమీటరు కూడా వదలడు. పొద్దున్నే నా బూట్లు తెచ్చి హీటరు పక్కన పెడతాడు. పెళ్ళికి మాకు ఒకే రకం గాజు పళ్ళేలు ఏడు వచ్చాయి. అందులో ఒకటి పగిలినప్పుడు, ఒకటైనా తగ్గిందని ఇద్దరం చేతులు కలుపుకుని మొక్కజొన్న పొత్తుల గంప చుట్టూ గంతులేశాం. ఇంత సంతోషంగా ఉండటం తప్పేమో, అందుకే ఆ మబ్బు మా ఇంటి మీదికి వచ్చిందేమో అని ఒక్కోసారి మధ్యాహ్నాలు భయమేసేది.

కానీ నేను మాట ఇచ్చింది అందుకు కాదు. వడగళ్ళు పడిన రోజు నుంచి డెల్మర్ భోజనం దగ్గర పైకి ప్రార్థన చేయడం లేదు. తల వంచుతాడు. నేను లోపల అంకెలు లెక్కపెడతాను. తొమ్మిదో పదో అయ్యేసరికి తలెత్తి చెంచా తీసుకుంటాడు. తనను పెళ్ళాడమని నన్ను అడిగేముందు కూడా, పొద్దుతిరుగుడు చేను గట్టు మీద నిలబడి, గట్టిగా ప్రార్థన చేసి మరీ అడిగిన మనిషి. ఇప్పుడు దేవుడితో మాట మానేశాడు. నాతో నవ్వుతాడు, జోకులేస్తాడు, ఆయనతో మాత్రం మాట్లాడడు. నలుగురి ముందు నిలబడి ప్రభువు పేరు ఎత్తితే ఆ గొంతు తెరుచుకుంటుందని నా ఆశ. తెరుచుకోకపోతే మా ఇంట్లో బల్ల దగ్గర ప్రభువుతో కలిపి ముగ్గురం కాక ఇద్దరమే మిగులుతామని నా భయం.

ఆ సాయంత్రమే చెప్పాను. పంట పోయాక అతను ఐజాక్ మామయ్య ధాన్యం ట్రక్కు తోలుతున్నాడు. అప్పుడే వచ్చి, తల మీద టోపీతోనే కూర్చున్నాడు.

"నిన్నెవరు ఒప్పుకోమన్నారు?"

"మామయ్య అడిగారు. నోట్లోంచి వచ్చేసింది."

"నీ నోట్లోంచి వచ్చింది కాబట్టి నువ్వే చెప్పు."

"పొలం నీది కదా."

"పెళ్ళిలో సగం నీదన్నాను. వడగళ్ళు పడ్డ సగం నీది."

నవ్వాను, కానీ కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోయాను. "ఏదో ఒకటి నేర్చుకునే ఉంటావు డెల్."

"నేర్చుకున్నా. మబ్బు ఆకుపచ్చగా వస్తే వడగళ్ళే, ట్రక్కు షెడ్డులో పెట్టాలి."

"సరిగ్గా చెప్పు."

టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "సరిగ్గా అంటే ఏంటి? రోడ్డుకి అవతల పీటర్స్ వాళ్ళ చేలో ఒక్క ఆకు చిరగలేదు. వాళ్ళకి నేర్పాల్సిందేం లేదా? ఆ ముసలాయన అన్నీ నేర్చేసుకున్నాడా? ఆ పీటర్స్ ఎలాంటివాడో నీకూ తెలుసు."

"అయితే నేను రాస్తాను, నువ్వు చదువు."

అతను వెన్న డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

కాలేజీలో నాకు వ్యాసరచనలో ఎప్పుడూ మంచి మార్కులే. ఇప్పుడు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్తాను. పిల్లలు బొమ్మలకు రంగులు వేసుకుంటుంటే బల్ల దగ్గర కూర్చుని మొదటి సాక్ష్యం రాశాను: ప్రభువు మీద ఆధారపడటం నేర్చుకున్నాం. రెండోది బస్సులో రాశాను: ఓర్పు నేర్చుకున్నాం. మూడోది బంగాళదుంపలు ఉడికేలోపు: ఈ లోకపు వస్తువులు శాశ్వతం కావని తెలుసుకున్నాం. ఒక్కొక్కటి ఎంత నున్నగా వచ్చిందంటే, రాస్తున్నంతసేపూ హాయిగా ఉండేది. రాయడం అయిపోగానే అరికాళ్ళు దురద పుట్టినట్టు లేచి ఇల్లంతా తిరిగేదాన్ని. నాలుగోదానిలో ఆ మూడూ కలిపాను. బుధవారం అతని చేతికిచ్చాను.

నిలబడే చదివాడు. జాగ్రత్తగా మడత పెట్టి తిరిగి ఇచ్చాడు.

"చాలా బాగుంది. ఎవరిది?"

"మనదే."

"ఓహో," అని బూట్లు విప్పుకోవడానికి వెళ్ళాడు.

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మిగిలిన రెండు రోజులూ స్కూల్లో ఒకే లెక్కను రెండుసార్లు చెప్పాను. పిల్లలు మర్యాద కొద్దీ రెండుసార్లూ చేశారు.

పండుగకు ముందు వారం శనివారం పొద్దున్నే నేటా అక్క ఇంటికి వెళ్ళాను. నాలుగు నిమిషాల్లో అంత బాగా ఎలా చెప్పిందో అడిగి నేర్చుకోవాలని. ఆమె వంటింట్లో వెరెనికి చేస్తోంది. పిండిని గుండ్రంగా కోసి, పాల విరుగుడు పెట్టి, మడిచి అంచులు నొక్కుతోంది. నాకూ ఒక ముద్ద ఇచ్చింది. చేతికి పని దొరికితే నాకు ప్రాణం లేచొస్తుంది.

"అంచు గట్టిగా నొక్కు. నీవన్నీ మరిగే నీళ్ళలో నోరు తెరుస్తాయి," అంది.

"అక్కా, మీరు ఆ రోజు ఎలా చెప్పగలిగారు? నేను నాలుగు రాశాను. ఒక్కటీ నిలబడట్లేదు."

"నేను రాయలేదు. అప్పటి పాస్టరమ్మ రాసిచ్చింది. మంచి మనిషి, కష్టపడి రాసింది. నాకప్పుడు ఏం చెప్పమన్నా చెప్పేదాన్ని."

"అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు."

"తెలుసు." పిండి మీద చెంచాతో విరుగుడు పెట్టింది, మడవలేదు. "వాల్డీని తీసుకుని ప్రభువు నాకు తన మీద ఆధారపడటం నేర్పాడు అని చెప్పాను. దిగొచ్చాక అందరూ చేతులు పట్టుకున్నారు. ఇంటికొస్తుంటే కారులో వెనక మార్లీస్ కూర్చుంది. అప్పటికి తొమ్మిదేళ్ళు. అడిగింది, 'అమ్మా, ఆధారపడటం నీకు ముందే వచ్చి ఉంటే నాన్న బతికేవాడా?' అని."

నా చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది.

"మీరేం చెప్పారు?"

"బెల్టు పెట్టుకోమన్నాను."

బయట కుక్క మొరిగి ఊరుకుంది. పక్క గదిలో మార్లీస్ రేడియో పెట్టుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. ఇప్పుడు పదమూడు ఆ పిల్లకి.

"నాలుగేళ్ళయింది," అంది నేటా అక్క. "మళ్ళీ అడగలేదు. నేనూ ఎత్తలేదు. శ్రమకి అర్థం లేదని నేననను లొరీన్. ఉండే ఉంటుంది. నేను నమ్ముతాను. కానీ అది నా చేతికి రాకముందే వచ్చిందని చెప్పేశాను. దాన్ని నా కూతురు మోస్తోంది. నీ పెళ్ళి కొత్తది, నీ మొగుడు మంచోడు. వాడి నోట్లో నువ్వు మాట పెట్టకు." మళ్ళీ పిండి వైపు చూసి, "అదిగో, అది నోరు తెరిచింది చూడు," అని నేను చేసిన వెరెనికిని వేలితో చూపించింది.

అక్కడి నుంచి తిన్నగా ఐజాక్ మామయ్య దొడ్లోకి వెళ్ళాను. కోతలు కోసే కంబైన్ యంత్రం కింద పడుకుని గ్రీజు కొడుతున్నారు. బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. బూట్లతోనే మాట్లాడాను.

"మామయ్యా, మేం సాక్ష్యం చెప్పం. నేను తొందరపడి ఒప్పుకున్నాను."

బూట్లు కదిలాయి. ఆయన బయటికి వచ్చి కూర్చున్నారు. "కార్యక్రమం అచ్చయిపోయిందమ్మా. పేరు పడిపోయింది."

"మాట ఇచ్చింది నేను. సాక్ష్యం అతనిది. రెండూ ఒకటే అనుకున్నాను."

"ఏదో ఒకటి చెప్పించు. జనం దాని కోసం చూస్తారు. దెబ్బ తిన్నవాళ్ళు నిలబడి మాట్లాడితే, రేపు దెబ్బ తినబోయేవాళ్ళకి కాళ్ళ కింద నేల ఉన్నట్టుంటుంది."

"అది నిజం కాకపోయినా?"

ఆయన గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు.  "పండుగ ఆదివారం పేరు పిలుస్తాను. లేస్తే లేస్తాడు. లేకపోతే పాట పాడతాం," అని మళ్ళీ కంబైన్ కిందికి వెళ్ళిపోయారు.

డెల్మర్‌కి అంతా చెప్పాను. కాగితాలు నాలుగూ పొయ్యిలో పెట్టానని కూడా చెప్పాను. "సరే," అన్నాడు. నా తల మీద చెయ్యేసి, పిండి అంటుకుందని చూపించాడు. ఆ వారమంతా భోజనం దగ్గర నేను అంకెలు లెక్కపెట్టడం మానాలని చూశాను. కుదరలేదు.

పండుగ రోజు చర్చిలో అందరూ నాలుగు స్వరాలుగా విడిపోయి పాట ఎత్తుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ రోజు పాట ఎప్పుడైందో కూడా తెలియలేదు. ముందు బల్ల మీద గుమ్మడికాయలు దొర్లకుండా ఎవరో ఇటుకలు అడ్డం పెట్టారు, వాటినే చూస్తూ కూర్చున్నాను. నా మోకాలు ఊగుతుంటే డెల్మర్ చెయ్యి వేసి ఆపాడు. నేటా అక్క, మార్లీస్ మాకు రెండు వరసల ముందు పక్కగా ఉన్నారు.

ఐజాక్ మామయ్య లేచారు. "ఈ ఏడు సాక్ష్యం డెల్మర్, లొరీన్ వీబ్," అని చదివి, కళ్ళజోడు మీదుగా చూశారు.

ఎవరూ కదల్లేదు. ఆయన పాటల పుస్తకం అందుకోబోయారు. నా మోకాలి మీద ఉన్న చెయ్యి లేచింది. డెల్మర్ లేచి నిలబడ్డాడు. బల్ల దగ్గరికి వెళ్ళలేదు. మా వరసలోనే, ముందు సీటు పట్టుకుని నిలబడ్డాడు.

"మా చేను ఎందుకు పోయిందో నాకు తెలీదు," అన్నాడు. "అది ముందే చెప్పేస్తున్నా, ఎవరూ ఎదురుచూడకండి. జులై పంతొమ్మిది నుంచి నాకు ఆయన మీద కోపం. భోజనం దగ్గర నోరు తెరవలేదు. మా ఆవిడ లెక్కపెడుతోందని తెలుసు, అయినా తెరవలేదు."

నా చెవులు వేడెక్కాయి. వెనక ఎవరో దగ్గారు.

"మొన్న గురువారం మామయ్య గోధుమలు తోలుకెళ్తున్నాను. మంచి గింజ. ధాన్యం కొని నిలవచేసే ఎలివేటరు దాకా పన్నెండు మైళ్ళు. వింక్లర్ ఊరికి పోయే రోడ్డెక్కాక అద్దాలు పైకెత్తి అరిచాను. చేను గురించి అరిచాను. వాల్డీ గురించి కూడా అరిచాను. నాకు కంబైన్ తోలడం నేర్పింది వాల్డీయే. నేటా వదినా, నీకు బాధనిపిస్తే క్షమించు. ఎలివేటరు దగ్గర దిగేసరికి గొంతు లేదు. తూకం వేసేవాడు జలుబా అన్నాడు. అవునన్నాను. అది అబద్ధం."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను నవ్వలేదు.

"ఖాళీ ట్రక్కుతో తిరిగొస్తుంటే తోచింది. ఇది మొదటిసారి కాదు. ఆగస్టు నుంచీ ఆ ట్రక్కులో ఇదే పని. గొణగడంతో మొదలై అరవడం దాకా వచ్చింది. ఆయనతో మాట్లాడటం మానేశాననుకున్నాను. మానలేదు. పెళ్ళాంతో మాట్లాడినదానికంటే ఎక్కువే మాట్లాడాను. ఎదురుగా ఎవరూ లేకపోతే మనిషి అంతసేపు అరవడు. ఇంతకుముందు నేను ఆయనకి చెప్పినవన్నీ మర్యాద మాటలే. ఏం నేర్చుకున్నావంటే ఇంకా తెలీదు. చేను పోయింది. ఆయన పోలేదు. ఈ రోజుకి నా దగ్గర ఉన్నదింతే."

కూర్చున్నాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. మామూలుగా సాక్ష్యం అయ్యాక అందరూ ఆమెన్ అంటారు. ఆ రోజు ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో నేటా అక్క మార్లీస్ వైపు ఒరిగి చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. ఆ పిల్ల మెడ తిప్పి తల్లి ముఖంలోకి చూసింది, చూస్తూనే ఉంది. అప్పటికి ఐజాక్ మామయ్య తేరుకుని పాట నంబరు చెప్పారు. తప్పు నంబరు చెప్పారు. సగం మంది ఒక పాట, సగం మంది ఇంకో పాట అందుకుని ఆగిపోయారు.

కింది అంతస్తులో భోజనాల దగ్గర మా బల్లకు ఎవరూ త్వరగా రాలేదు. నవ్వుతూ చేతులూపి పక్క బల్లలకు వెళ్ళిపోయారు. నేను సాసేజి ముక్కల్ని పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు సర్దుతున్నాను. అప్పుడు ఐజాక్ మామయ్య పళ్ళెంతో వచ్చి డెల్మర్ పక్కన కూర్చున్నారు.

"అది సాక్ష్యం కాదు," అన్నారు.

"కాదు మామయ్యా."

"నేర్చుకున్నదేంటో చెప్పాలి."

"తెలిసినప్పుడు చెప్తాను."

మామయ్య రొట్టె విరిచారు, తినలేదు. "మాకు మా అమ్మాయి ఎడ్నా కంటే ముందు ఒక పిల్ల పుట్టింది. మీ అమ్మకి తప్ప ఇప్పుడెవరికీ గుర్తు లేదు. నాలుగు రోజులు బతికింది. ఆ అక్టోబరులో నేను ఆ బల్ల పక్కన నిలబడి, ప్రభువు చిత్తానికి లోబడటం నేర్చుకున్నానని చెప్పాను. ఇరవై మూడేళ్ళు నాకు. ఏదో ఒకటి చెప్పకపోతే కూలిపోతానని భయం. మర్నాటి నుంచి ఆరేళ్ళు కొట్టంలో పాలు పితుకుతూ ఆయన్ని నిలదీశాను. ఆవులు బెదిరి పాలు తగ్గించేశాయి. మీ అత్త మేత బాలేదనుకుంది."

డెల్మర్ నమలడం ఆపాడు. "ఆరేళ్ళ తర్వాత ఏమన్నాడు?"

"ఎందుకో చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు." ఆయన తల ఎప్పటిలా పక్కకు కాక, తిన్నగా మా వైపు తిప్పారు. "కానీ ఇందాక నువ్వు ట్రక్కు సంగతి చెప్తుంటే అందరూ నీ ముఖం చూస్తున్నారు. నేను రోడ్డు చూశాను. మలుపు ఎక్కడుందో, గుంట ఎక్కడుందో నాకు తెలుసు. ఆ హాల్లో నాకొక్కడికే తెలుసనిపించింది. ఆ నాలుగు రోజుల పిల్ల వచ్చి వెళ్ళింది ఇందుకేనని నేననను. అంటే నా నోరు పడిపోతుంది. కానీ రోడ్డు నాకు తెలుసు. తెలిసి, ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించకుండా కూర్చున్నాను. పైగా ఏటా ఎవరో ఒకర్ని ఆ బల్ల పక్కన నిలబెట్టాను."

 నా కాలు కింద తాళం వేస్తూనే ఉంది.

"రేపు ఎన్ని ట్రిప్పులు?" అన్నారు మామయ్య.

"మూడు."

"మొదటిదానికి నేనూ ఎక్కుతా."

"ఎందుకు? ట్రక్కు బాగానే ఉంది."

"ట్రక్కు కోసం కాదు. నీ కేకలు నువ్వు పెట్టుకో. నేను పక్కన కూర్చుంటా."

"చెవులు పోతాయి మామయ్యా."

"ఎడమది ఎప్పుడో పోయింది. నువ్వు తోలేది ఎడమ సీట్లోంచి, నీ వైపు ఉండేది అదేగా."

మర్నాడు పొద్దున ఏడింటికి రెండు ఫ్లాస్కుల కాఫీ కట్టాను. మామయ్యకు నల్లది, డెల్మర్‌కి మూడు చెంచాల పంచదారది. ఏది ఎవరిదో చెప్పడానికి చెప్పులతోనే మంచులో పరిగెత్తాను. మామయ్య నా కాళ్ళ వైపు చూసి, కాలేజీలో బూట్లు వేసుకోవడం నేర్పలేదా అన్నారు. డెల్మర్ గేరు వేశాడు. రెండు టోపీలు పక్కపక్కన, ఒకటి కొత్తది, ఒకటి వెలిసిపోయింది. ట్రక్కు మట్టి రోడ్డు దాటి వింక్లర్ దారి ఎక్కేదాకా చూస్తూ నిలబడ్డాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, అయినా లోపలికి వెళ్ళాలనిపించలేదు. అద్దాలు పైకి ఎత్తుకున్నారు. ఎవరి నోరు కదులుతోందో అంత దూరం నుంచి తెలియలేదు.